స్కిట్లలో చేరబోతున్న మేనకోడలికి

తెనాలి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి పదిన్నరకి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ వేళకి దాని ఫోన్ వచ్చిందంటే ఎవరో పోయారనే. గుండె దడదడలాడుతూ ఎత్తాను. తీరా చూస్తే నువ్వు ఉద్యోగం మానేసి టీవీ కామెడీ షోలో చేరుతున్నావట, హీరోయిన్లనీ యాంకర్లనీ పేరడీ చేస్తావట. "అంతా నీ పోలికే" అని అరగంట తిట్టింది. తిట్లు తింటూనే లోపల మీసం మెలేశాను. అది మాత్రం దానికి చెప్పకు.

గొంతు జాగ్రత్త, చల్లటివి మానెయ్. పేమెంట్ ఎంతో, ఎప్పుడిస్తారో ముందే రాయించుకో. కృష్ణానగర్‌లో గది తీసుకునే ముందు నీళ్ళు వస్తాయో లేదో కనుక్కో. ఇవన్నీ నీకు తెలిసినవేలే.

మా రోజుల్లో మిమిక్రీకి ఆర్కెస్ట్రా మధ్యలో పది నిమిషాలే దిక్కు. సింగర్ మంచినీళ్ళు తాగి వచ్చేలోపు నాలుగు గొంతులు చేసి దిగిపోవాలి. 2013లో జబర్దస్త్ వచ్చాక స్కిట్టు, టీము, గెటప్పు అని ఈ పనికీ ఒక లెక్క ఏర్పడింది. మగవాళ్ళు లేడీ గెటప్పులు వేసే చోటికి ఆడపిల్లవి నువ్వు వెళ్తున్నావు. వెళ్ళు. ఇదేం తక్కువ పని కాదు. వరంగల్ నేరెళ్ళ వేణుమాధవ్ గారు ఈ కళతోనే శాసనమండలిలో కూర్చున్నారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు.

మీ అమ్మ భయమంతా పోలీసులు. 2016లో ఒక బాబాని అనుకరించాడని హిందీ టీవీ నటుడు కికూ శారదాని అరెస్టు చేశారు, అది ఎక్కడో చదివింది. బెయిల్ వచ్చిందిలేవే అన్నా వినదు. పేరడీ, వ్యంగ్యచిత్రం లాంటివి తమ పేరు, రూపం మీద సెలబ్రిటీలకున్న హక్కుకి భంగం కాకపోవచ్చని ఢిల్లీ హైకోర్టు 2010లోనే అంది. దేవుళ్ళ జోలికీ కులాల జోలికీ పోకుండా ఉంటే చాలు.

నా భయం వేరు. ఇది మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు.

1996 దసరా. మా ఊళ్ళో ఒక పెద్ద పద్యనటుడు ఉండేవారు. హరిశ్చంద్రుడుగా కాటి సీన్లో ఆయన పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్లతోనే తెల్లారేది. అప్పటికే డెబ్బై దాటాయి. రాగం మధ్యలో ఊపిరి అందేది కాదు. హార్మోనియం పెట్టె మీద చెయ్యి ఆనించి, 'హుఁ' అని గాలి పీల్చి, ఆపిన చోటే మళ్ళీ అందుకునేవారు. నేను పందిట్లో అది చేశాను. ప్లాస్టిక్ కుర్చీనే హార్మోనియం చేసుకుని, ఆ 'హుఁ'ని మూడింతలు సాగదీసి, చివర్లో ఒక మాత్ర మింగాను. జనం పొర్లి పొర్లి నవ్వారు. లోకల్ కేబుల్ అతను రికార్డు చేసి వారం రోజులు సాయంత్రం సాయంత్రం వేశాడు. బజారులో టీకి నా దగ్గర డబ్బులు తీసుకునేవాళ్ళు కాదు.

కార్తీకంలో ఆయన నాటకం. నేనూ వెళ్ళాను. కాటి సీను, ఎదురుగా కొడుకు శవం. రాగం మధ్యలో ఆగారు. 'హుఁ.' ముందు వరసలో ఒక పిల్లాడు కిసుక్కుమన్నాడు. ఆ వెనక పందిరంతా నవ్వింది. ఆయన ఇంట్లో కేబుల్ లేదు, ఎవరూ చెప్పనూ లేదు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక, మెల్లగా చెయ్యెత్తి పెట్టుడు మీసం తడుముకున్నారు. తర్వాత పంచె చూసుకున్నారు. రాగం లేకుండా మిగతా పద్యం వచనంలా చెప్పేసి ముగించారు.

తెర వెనక్కి పరిగెత్తాను. "మీసం ఊడిందా అబ్బాయ్?" అని నన్నే అడిగారు. "లేదండీ" అన్నాను. అంతకుమించి ఒక్క మాట నోట్లోంచి రాలేదు. ఆయన మళ్ళీ ఆ వేషం కట్టలేదు.

సంక్రాంతికి మా హాల్లో నువ్వు చేసిన యాంకర్ భలే ఉంది. నవ్వే ముందు మైకు చెయ్యి మార్చుకుంటుంది చూడు, అది పట్టావు, అక్కడే నిన్ను మెచ్చుకున్నాను. అందరూ గొంతు కోసమే చూస్తారు, నువ్వు చేతులు చూశావు. కానీ ఆ తర్వాత పాత హీరోయిన్‌ని చేస్తూ కాఫీ కప్పు పట్టుకుని చెయ్యి వణికించావే, అది తీసెయ్. అప్పుడు నేనూ నవ్వాను, కాదనను. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆవిడ ఇంగ్లిష్, నడక, హ్యాండ్‌బ్యాగ్, ఏదైనా చెయ్యి. వయసుతో వచ్చిందీ జబ్బుతో వచ్చిందీ ముట్టుకోకు. పంచ్ తగ్గిందని టీమ్ లీడర్ మూతి ముడిస్తే ముడవనీ, పిచ్చిపిల్లా, ఇంకో పంచ్ వెతుక్కో. దొరక్కపోతే నాకు ఫోన్ చెయ్యి, రాత్రి పదిన్నరైనా సరే.

ప్రోమో ఎప్పుడొస్తుందో ముందే చెప్పు. మీ అమ్మని ఇక్కడికి పిలిపించుకుంటాను. ఒక్కతే చూస్తే ఏడుస్తుంది.

ఆశీస్సులతో,
మామయ్య