బంతి ఆకారపు పాత లౌడ్‌స్పీకర్లు ఏ కంపెనీవి?

ప్రశ్న: ఫ్రాంక్‌ఫర్ట్‌లోని పాత సామాన్ల సంతలో బంతుల్లాంటి రెండు లౌడ్‌స్పీకర్లు కొన్నాను. చుట్టూ చిల్లుల రేకు, పైన గొలుసు ఉన్నాయి, పేరు చెరిగిపోయింది. ఇవి ఎవరివై ఉంటాయి? – ఒక పాఠకుడు, జర్మనీ

జవాబు: మీ వర్ణనను బట్టి, మీకు దొరికిన చోటును బట్టి, ఇవి 1970ల నాటి పశ్చిమ జర్మనీలో గ్రుండిగ్ కంపెనీ అమ్మిన ఆడియోరామా శ్రేణివి అయ్యే అవకాశమే ఎక్కువ. నిర్ధారణకు ముందుగా తీగ చివరి ప్లగ్గును చూడండి. ఒక పిన్ను చదునుగా, మరొకటి గుండ్రంగా ఉంటే అది ఆ కాలపు జర్మన్ ప్రమాణం. అయితే ఇతర యూరప్ కంపెనీలూ ఆ ప్లగ్గునే వాడాయి కనుక అదొక్కటే చాలదు. చిల్లుల గుండా టార్చి వేసి, లోపలి స్పీకర్లు ఎన్ని, ఏ దిక్కులకు తిరిగి ఉన్నాయో లెక్కించండి. ఆడియోరామా 7000లో నాలుగు పెద్దవి, ఎనిమిది చిన్నవి, మొత్తం 12 ఉంటాయి. జపాన్‌కు చెందిన జేవీసీ కూడా 1960ల చివర ఇలాంటి బంతులనే తయారుచేసింది కాబట్టి ఈ లెక్క తప్పనిసరి.

గుండ్రని రూపం కేవలం అలంకారం కాదు. పెట్టె అంచుల దగ్గర ధ్వని చెదిరి స్వరం ఎగుడుదిగుడవుతుందనీ, గోళంలో ఆ దోషం అతి తక్కువనీ అమెరికా ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఆర్‌సీఏ శాస్త్రవేత్త హ్యారీ ఆల్సన్ 1951లోనే చూపారు. గదంతా సమానంగా వినిపించడం వీటి గొప్ప. గాయకుడు ఫలానా చోట నిలబడి పాడుతున్నట్టు తోచాలంటే మాత్రం, నా దృష్టిలో మామూలు పెట్టెలే మేలు.