41 ఏళ్లు, ఏఎంహెచ్ 0.7: ముందు ఐయూఐనా, నేరుగా ఐవీఎఫ్‌నా?

మీరు రాసిందాన్ని బట్టి వయసు 41, ఏడాదిగా ప్రయత్నం, ఏఎంహెచ్ (అండాల నిల్వ చెప్పే రక్తపరీక్ష) 0.7. ఒక డాక్టరు ఆరు ఐయూఐలు (వీర్యకణాలను నేరుగా గర్భాశయంలోకి పంపడం) చేసి చూద్దామన్నారు, ఇంకొకరు నేరుగా ఐవీఎఫ్ (ఇంజెక్షన్లతో అండాలు పెంచి, బయటికి తీసి, ల్యాబులో పిండం చేయడం) అన్నారు, మూడో చోట దాత అండం (వేరే మహిళ ఇచ్చే అండం) మాట ఎత్తారు. ఎవరి మాట వినాలో తేలక అడిగారు.

ముందు రిపోర్టులో యూనిట్ చూడండి. 0.7 నానోగ్రాములు అనుకునే ఈ జవాబు రాస్తున్నాను. కొన్ని ల్యాబులు పికోమోల్స్‌లో ఇస్తాయి. అప్పుడు 7.14తో భాగించాలి, అంటే మీ అంకె 0.1కి పడిపోతుంది, ఆలోచించాల్సిన తీరే మారిపోతుంది.

ఏఎంహెచ్ చెప్పేది అండాలు సుమారుగా ఎన్ని మిగిలాయన్నది మాత్రమే. వాటి నాణ్యత వయసు చేతిలో ఉంటుంది. ఇదే 0.7 ఉన్న 31 ఏళ్ల అమ్మాయికి ఇంజెక్షన్లతో మీకు వచ్చినన్నే అండాలు రావచ్చు, కానీ వాటిలో క్రోమోజోములు సరిగ్గా ఉన్నవి ఆమెకే ఎక్కువ. 40 దాటాక తయారయ్యే పిండాల్లో సగానికి పైగా క్రోమోజోముల లెక్క తప్పే ఉంటాయి. నెలసరి క్రమంగా వస్తున్నా, ఒంట్లో ఏ జబ్బూ లేకపోయినా అంతే.

అందుకే ఆరు ఐయూఐల సలహాతో నేను ఏకీభవించను. ఐయూఐలో చేసేదల్లా శుభ్రం చేసిన వీర్యకణాలను గర్భాశయంలోకి చేర్చడం. అండం విషయంలో అది చేయగలిగింది ఏమీ లేదు. మధ్యలో తప్పిపోయే నెలలు కలుపుకుంటే ఆరు సైకిళ్లకు ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. ఈ వయసులో అన్ని నెలలు వదులుకోకూడదు. ట్యూబులు తెరిచి ఉండి, వీర్యం రిపోర్టు బాగుంటే, ఐవీఎఫ్ ఏర్పాట్లు జరిగేలోపు ఒకటో రెండో చేయించుకోండి, అంతకు మించి వద్దు.

పరీక్షల్లో తరచూ జారిపోయేవి కొన్ని ఉన్నాయి. నెలసరి రెండో రోజో మూడో రోజో ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాన్ని పనిచేయించే హార్మోన్) ఒక్కటే చేయించి ఊరుకోకండి, దాంతోపాటు ఎస్ట్రాడయాల్ (అండాశయం విడుదల చేసే హార్మోన్) కూడా ఉండాలి. ఎస్ట్రాడయాల్ 80 పికోగ్రాములు దాటితే అది ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అణిచేస్తుంది, రిపోర్టు బాగున్నట్టు కనబడి మోసపుచ్చుతుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే రక్తం ఇచ్చే ముందు రెండు మూడు రోజులు ఆపండి, అవి థైరాయిడ్, హార్మోన్ ఫలితాలను తారుమారు చేయగలవు. స్కాన్‌లో ట్యూబు నీటితో ఉబ్బి కనిపిస్తే దాన్ని సరిచేయకుండా పిండం పెట్టించుకోవద్దు. ఆ నీరు గర్భాశయంలోకి కారి, పిండం అంటుకునే అవకాశాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది. గర్భాశయం లోపలికి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్, పాలిప్ విషయంలోనూ ఇదే జాగ్రత్త.

మీవారి వీర్య పరీక్ష కూడా వెంటనే చేయించండి. అంతకుముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండాలి. వీర్యకణం తయారై బయటికి రావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, రెండు నెలల కిందటి గట్టి జ్వరం ఈ రోజు రిపోర్టులో కనబడుతుంది. జిమ్ కోసమో నీరసానికో టెస్టోస్టిరాన్ తీసుకుంటుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. అది వీర్యకణాల తయారీని ఆపేస్తుంది, కోలుకోవడానికి నెలలు పడుతుంది.

ఇంజెక్షన్ల దగ్గర చాలామందికి ఉన్న అపోహ, డోసు పెంచితే అండాలు పెరుగుతాయని. ఆ నెలలో అండాశయం ఎన్ని ఫాలికల్స్‌ను (అండాలు పెరిగే సంచులను) ముందుకు తెచ్చిందో వాటిని ఎండిపోకుండా కాపాడటమే ఇంజెక్షన్ పని, కొత్తవాటిని పుట్టించలేదు. స్కాన్‌లో ఐదారు కనిపిస్తే, 300 యూనిట్ల నుంచి 450కి పెంచినా అవి పది కావు, ఖర్చే పెరుగుతుంది. ఆ నెల రెండే కనిపిస్తే, మరుసటి నెల దాకా ఆగుదామా అని డాక్టరును అడగడంలో తప్పులేదు.

పొడి మందు కలిపేటప్పుడు ద్రావకాన్ని సీసా గోడ మీదుగా నెమ్మదిగా వదలండి. గట్టిగా ఊపితే నురుగు కట్టి డోసు సరిగ్గా లాగడం కష్టమవుతుంది, అరచేతుల మధ్య పెట్టి మెల్లగా తిప్పితే చాలు. రెండు మూడు సీసాలు చెప్పి ఉంటే, క్లినిక్ వద్దనకపోతే, మొదటి సీసాలో కరిగిన 1 మి.లీ.నే లాగి రెండోదాంట్లో పోయవచ్చు. అప్పుడు ఒక్క పోటుతో సరిపోతుంది. కలిపిన లావు సూది తీసేసి సన్నది పెట్టుకుని, బొడ్డుకు రెండు వేళ్ల దూరంలో, రోజుకో పక్కన వేసుకోండి. పెన్ను అయితే వేశాక కిటికీలో అంకె సున్నాకు వచ్చిందో లేదో చూడండి. రాలేదంటే మందు అయిపోయింది, అక్కడ కనబడే మిగతా డోసు కొత్త పెన్నుతో పూర్తి చేయాలి.

ఐదో ఆరో రోజు నుంచి అండం ముందే విడుదల కాకుండా 0.25 ఎంజీ ఇంజెక్షన్ తోడవుతుంది. దీన్ని ఒక్క పూట మరిచినా పికప్ (అండాలను సూదితో బయటికి తీయడం) నాటికి ఫాలికల్స్ ఖాళీ అయ్యే ప్రమాదముంది. రెండు మూడు ఫాలికల్స్ 17, 18 ఎంఎంకు చేరాక ట్రిగ్గర్ (అండాలను చివరగా పక్వం చేసే ఇంజెక్షన్) ఇస్తారు. పికప్ దానికి దాదాపు 36 గంటల తర్వాత, అంటే సోమవారం రాత్రి 10కి వేసుకుంటే బుధవారం ఉదయం 10కి. ట్రిగ్గర్ ఒక గంట ఆలస్యమైతే వెంటనే ఫోన్ చేసి చెప్పండి, పికప్ వేళ జరపగలుగుతారు. తిడతారేమోనని దాచిపెడితే పక్వం కాని అండాలే చేతికొస్తాయి.

ఇక లెక్క. ఇది ముందే తెలిసి ఉంటే మధ్యలో గుండె జారిపోదు. ఆరు ఫాలికల్స్ ఉంటే ఐదు అండాలు రావచ్చు, అందులో పక్వమైనవి నాలుగు, ఫలదీకరణ చెందేవి మూడు, ఐదో రోజు బ్లాస్టోసిస్ట్ (గర్భాశయంలో పెట్టే దశకు ఎదిగిన పిండం) దాకా నిలిచేది ఒకటి. ఒక్కోసారి అదీ ఉండదు. ఆ ఒక్కదానిలో కూడా క్రోమోజోములు తప్పి ఉండే అవకాశమే ఎక్కువ. కాబట్టి ఒక పికప్‌తో తేల్చేసుకోవాలని కూర్చోకండి. వరసగా రెండు మూడు పికప్‌లు చేయించి, పిండాలను ఫ్రీజ్ చేసి, తర్వాత ట్రాన్స్‌ఫర్‌కు (పిండాన్ని గర్భాశయంలో పెట్టడానికి) వెళ్లడం మీ వయసుకు సరైన పద్ధతి అని నా అభిప్రాయం. డబ్బూ సెలవులూ మొదటి నుంచే ఆ లెక్కన చూసుకోండి.

పీజీటీ (పిండం క్రోమోజోములను చూసే) పరీక్ష పిండాన్ని బాగుచేయదు. ఏది పెట్టకూడదో చెప్పి, కొన్ని గర్భస్రావాలను తప్పిస్తుంది. మూడు నాలుగు బ్లాస్టోసిస్ట్‌లు చేరాక అయితే ఉపయోగం. ఒక్కటే ఉన్నప్పుడు లాభనష్టాలు విడిగా అడిగి తెలుసుకోండి. కోఎంజైమ్ క్యూ10, డీహెచ్‌ఈఏ, అండాశయంలోకి పీఆర్‌పీ (సొంత రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం), వీటికి గట్టి ఆధారం లేదు. డీహెచ్‌ఈఏ హార్మోనే, మొటిమలు తెస్తుంది, సొంతంగా మొదలుపెట్టకండి. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు మాత్రం ఇప్పటి నుంచే వేసుకోండి. షుగర్, మూర్ఛ మందులు ఉంటే డోసు వేరు, డాక్టరును అడగాలి.

ట్రాన్స్‌ఫర్‌లో ఒక్క పిండమే పెట్టించుకోండి. ఈ వయసు గర్భంలో బీపీ, షుగర్ ముప్పు మామూలుగానే ఎక్కువ, కవలలైతే అది ఇంకా పెరుగుతుంది. తర్వాత మంచం పట్టనక్కర్లేదు. రక్తపు చుక్క కనబడిందని ప్రొజెస్టిరాన్ (గర్భం నిలవడానికి ఇచ్చే హార్మోన్) ఆపేయడం మాత్రం అసలు చేయకండి, డాక్టరు చెప్పేదాకా నడవాలి. ఫ్రెష్ ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని ఫ్రీజ్ చేయకుండా పెట్టడం) అయితే ట్రిగ్గర్‌లోని హెచ్‌సీజీ (గర్భ పరీక్ష పసిగట్టే హార్మోన్) పదిరోజులకు పైగా ఒంట్లో ఉండొచ్చు, ఇంట్లో తొందరపడి చేసిన పరీక్షలో రెండో గీత దానివల్లే రావచ్చు. చెప్పిన రోజున బీటా (హెచ్‌సీజీ ఎంతుందో చూసే రక్తపరీక్ష), మళ్లీ 48 గంటలకు ఇంకొకటి. అంకె మెల్లగా పెరుగుతూ ఒక పక్క కడుపు నొప్పి వస్తే అది ట్యూబులో గర్భం కావచ్చు, ఆ రోజే చూపించుకోవాలి.

క్లినిక్‌ను అడగాల్సింది ఇది: "41, 42 ఏళ్లవారిలో, సొంత అండంతో, మొదలుపెట్టిన ప్రతి వంద సైకిళ్లకు ఎంతమంది బిడ్డను ఎత్తుకున్నారు?" ట్రాన్స్‌ఫర్‌కు ఎంతమందికి పాజిటివ్ వచ్చిందన్న అంకె చెబితే మళ్లీ ఇదే అడగండి. ట్రాన్స్‌ఫర్ దాకా రాలేకపోయినవాళ్లు ఆ అంకెలో ఉండరు.

దాత అండం గురించి ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. అక్కడ ఫలితం దాత వయసును బట్టి ఉంటుంది, మీ వయసును బట్టి కాదు కాబట్టి ఆ దారి ఒక ఏడాదికి మూసుకుపోదు. సొంత అండానికి ఆ వెసులుబాటు లేదు. 43 దాటాక ఒక పికప్‌కు బిడ్డ పుట్టే అవకాశం నూటికి పదిలోపే. రెండు మూడు పికప్‌ల తర్వాత ఒక్క బ్లాస్టోసిస్ట్ కూడా నిలవకపోతే అప్పుడు ఆ మాట మాట్లాడుకుందామని మీ ఇద్దరూ మొదటి ఇంజెక్షన్‌కు ముందే అనుకోండి. అప్పటిలోగా బీపీ, షుగర్, గుండె, రొమ్ముల పరీక్షలు చేయించి పెట్టుకోండి. మోయాల్సింది మీరే కాబట్టి, అండం ఎవరిదైనా ఇవి కావాలి.