ప్రాణం కాపాడుకోడానికి చంపితే పాపమా?

దేవుణ్ణి నమ్మేవాడు ఆత్మరక్షణ కోసం ఎదుటివాణ్ణి చంపితే పాపం అంటుకుంటుందా అని అడిగారు. మతాలన్నీ దీనికి ఒకే జవాబు చెప్పవు. ఒక్కోసారి ఒకే మతం రెండు చెబుతుంది. చంపడానికి మీదికొచ్చే ఆతతాయిని, గురువైనా సరే, ఆలోచించకుండా చంపెయ్యమంటుంది మనుస్మృతి (8.350). గీత మొదటి అధ్యాయంలో అర్జునుడేమో అదే ఆతతాయుల్ని చంపితే పాపం మనకే అంటాడు.

మా పర్లాకిమిడిలో పక్కింటాయన ఆదివారం తప్పకుండా చర్చికెళ్తాడు, రాత్రి మంచం కింద గునపం పెట్టుకుని పడుకుంటాడు. "నరహత్య చేయవద్దని ఆజ్ఞ ఉంది కదా బాబాయ్" అంటే, బైబిల్లో నిర్గమకాండం 22వ అధ్యాయం తీసి వేలు పెట్టి చూపించాడు. కన్నం వేస్తూ దొరికిన దొంగ దెబ్బలకి చస్తే కొట్టినవాడికి రక్తాపరాధం, అంటే హత్య చేసిన దోషం, లేదు. పొద్దు పొడిచాక అయితే ఉంది. చీకట్లో వచ్చినవాడు దేనికొచ్చాడో తెలీదు, పగలైతే కేకేస్తే పదిమంది వస్తారు. నాకు తోచిన కారణం ఇదే.

తమాషా ఏంటంటే, మన దేశ నేరాల చట్టం భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షన్‌లోనూ ఆ పొద్దు లెక్కే ఉంది: సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇంట్లోకి చొరబడేవాణ్ణి అడ్డుకునే హక్కు ప్రాణం తీసేదాకా వెళ్లొచ్చు. కాకపోతే 37వ సెక్షన్ ప్రకారం అవసరానికి మించి హాని చేయకూడదు. ఖురాన్ (2:190) కూడా మీతో పోరాడేవారితో పోరాడండి, హద్దు మాత్రం మీరకండి అంటుంది.

పారిపోతున్న దొంగ వెనకాల పరుగెత్తి గునపం విసిరితే అది ఆత్మరక్షణ కిందకి రాదు. ఈ మాట చెప్తే బాబాయ్ నవ్వి ఊరుకున్నాడు.