తిరుపతి నుంచి గండికోటకు ఫొటోల కోసం ఆరుగురం వెళ్తున్నాం, రెండు రోజుల్లో ఎన్ని చోట్లు పెట్టుకోవచ్చు?

మీరు ఆరుగురు డిసెంబరులో ఒక శని, ఆదివారాల్లో బండి మాట్లాడుకుని గండికోట, బేలం గుహలు, యాగంటి, ఓర్వకల్లు రాళ్లు అన్నీ చుట్టి రావాలనుకుంటున్నారు, ఫొటోలు కూడా బాగా రావాలంటున్నారు. ఇది కుదురుతుందా అన్నది మీ ప్రశ్న.

చూసి రావడానికైతే కుదురుతుంది. ఫొటోలకు కుదరదు. నా మాట విని గండికోట ఒక్కటే పెట్టుకోండి. శుక్రవారం సెలవు పెట్టుకుని ఆ రోజే బయల్దేరి అక్కడ రెండు రాత్రులు ఉండండి. ఒకే చోట రెండు తెల్లవారుజాములు దొరకడం ముఖ్యం. ఈ సంగతి మాకు తెలియడానికి ఒక ట్రిప్ మొత్తం పోయింది.

మొదటిసారి తొమ్మిది మందిమి వెళ్లాం. ఉదయం ఆరుకల్లా లీలామహల్ సర్కిల్ దగ్గర కలవాలని అనుకున్నాం. చివరి మనిషి ఎక్కేసరికి ఎనిమిదింపావు. ఒంటిమిట్ట మీదుగా పోతూ రామయ్యను చూడకుండా ఎలా వెళ్తాం అని దిగాం. కడపలో భోజనానికి గంటన్నర పట్టింది. గండికోట చేరి, రూముల్లో సామాన్లు పెట్టి, టీ తాగి లోయ అంచుకు నడిచేసరికి సూర్యుడు వెళ్లిపోయాడు. మరునాడు తెల్లవారుజామున ఐదుకు లేచింది నలుగురమే. మిగతావాళ్లు లేచేసరికి ఎండ తెల్లగా మారిపోయింది. ఎనిమిదికల్లా బేలం అంటూ బండెక్కేశాం. ఇంటికొచ్చి చూసుకుంటే నాలుగు వందల పైచిలుకు ఫొటోలున్నాయి. ఫ్రేమ్ కట్టించుకోదగ్గది ఒక్కటి లేదు. తప్పు ఎవరిదీ కాదు. సగం మంది విహారయాత్రకు వచ్చారు, సగం మంది వెలుగు కోసం వచ్చారు. ఆ సంగతి బయల్దేరే ముందు మాట్లాడుకోలేదు, అంతే.

అందుకే బండి మాట్లాడుకునే ముందే ఆరుగురూ కూర్చుని ఒక ఒప్పందానికి రండి. పొద్దు పొడవడానికి ముందొక గంట, తర్వాత ఒక గంట, సాయంత్రం కూడా అంతే. ఈ నాలుగు గంటలు ఫొటోలవి. ఆ టైములో టిఫిన్, టీ, దర్శనం, ఫోన్ కాల్ ఏదీ పెట్టుకోకూడదు. మిగతా రోజంతా ఎవరి ఇష్టం వాళ్లది. ఒకరికి ఇది నచ్చకపోతే వాళ్లు కూడా రావచ్చు, కానీ వాళ్ల కోసం మిగతావాళ్లు ఆగకూడదు. ముందే చెప్పుకుంటే ఎవరూ నొచ్చుకోరు. అక్కడికి వెళ్లాక చెబితే మాత్రం స్నేహాలు పాడవుతాయి.

దారి సులువే. రేణిగుంట, రైల్వే కోడూరు, రాజంపేట మీదుగా కడపకు సుమారు 140 కిలోమీటర్లు. అక్కడి నుంచి ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా ఇంకో 80, 90. ఆగుతూ పోతే ఐదు గంటలు వేసుకోండి. డిసెంబరులో అక్కడ ఐదూ ముక్కాలు ప్రాంతంలో పొద్దు గూకుతుంది. కాబట్టి తిరుపతిలో తొమ్మిదికల్లా కదిలితే మంచిది. ఒంటిమిట్ట వచ్చేటప్పుడు చూసుకోండి. కడపలో నెయ్యి కారం దోసెకు మాత్రం ఆగండి. అది వద్దంటే నేను కడప వైపు మొహం చూపించలేను.

ఆరుగురూ ఏడు సీట్ల బండిలో సరిపోతారు, కానీ సామాన్లు సరిపోవు. ఆరు ట్రైపాడ్లు, ఆరు కెమెరా బ్యాగులు, బట్టలు, నీళ్లు పెట్టాక వెనక సీట్లో మనిషికి చోటుండదు. ఇద్దరికి ఒక ట్రైపాడ్ అనుకోండి, లేదా కొంచెం పెద్ద బండి చూసుకోండి. డ్రైవర్‌కు పడుకోవడానికి సరైన మంచం మీరే చూపించాలి. మనం నాలుగున్నరకే లేస్తాం కాబట్టి ఆ అన్న కూడా లేస్తాడు. ఆదివారం ఎండలో ఐదు గంటలు నడపాల్సింది ఆయనే. వ్యూ పాయింట్‌కు నడిచి వెళ్లేంత దూరంలో బస చూసుకుంటే ఆయన్ని తెల్లవారుజామున లేపే పనే ఉండదు. ఊళ్లోనే పర్యాటక శాఖ వాళ్ల హరిత హోటల్ ఉంది, టెంట్లు వేసేవాళ్లు కూడా ఉన్నారు. వారాంతాల్లో జనం ఎక్కువ, ముందే బుక్ చేసుకోండి.

ఇక అసలు చోటు గురించి. గండి అంటే కొండను చీల్చుకుని నది చేసుకున్న దారి. ఎర్రమల కొండల్లో పెన్నా అలా కోసుకుంటూ పోయిన చోటే ఇది. కోట పెన్నా కుడి గట్టున ఉంది. అందరూ దీన్ని ఇండియా గ్రాండ్ క్యాన్యన్ అంటారు. ఆ పేరు మనసులో పెట్టుకుని వెళ్తే ఫొటోలు తప్పుతాయి. అమెరికాలోని ఆ లోయ 446 కిలోమీటర్ల పొడవు, ఒకటిన్నర కిలోమీటరుకు పైగా లోతు. అక్కడ దూరంగా ఒకదాని వెనక ఒకటి పొరలుగా కనిపించే గోడల్ని పెద్ద లెన్సుతో దగ్గరికి లాక్కుంటారు. గండికోట లోతు సుమారు 300 అడుగులు. ఎదుటి గోడ మీ ఎదురుగానే ఉంటుంది, దాని పగుళ్లు లెక్కపెట్టొచ్చు. నది వంపు, రెండు గోడలు ఒకే ఫ్రేమ్‌లో రావాలంటే వైడ్ లెన్స్ కావాలి. ముందు భాగంలో ఒక మంచి రాయి లేకపోతే ఆ వైడ్ ఫొటో బోసిగా ఉంటుంది. మొదటి సాయంత్రం కెమెరా తీయకుండా అరగంట ఆ రాళ్ల మధ్య నడిచి, రేపు ఎక్కడ నిలబడాలో చూసుకోమని చెబుతున్నది ఇందుకే.

ఇంకో సంగతి. అక్కడి రాయి మనకు కొత్తది కాదు. గండికోట గోడలూ, తిరుపతిలో ఎటు చూసినా కనిపించే తిరుమల కొండ ఎర్రటి అంచులూ కడప బేసిన్‌ అనే పాత శిలల ప్రాంతానికి చెందిన క్వార్ట్‌జైట్ రాయే, అంటే ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి. తిరుమల ఘాట్ రోడ్డులో పాత గ్రానైట్ మీద ఈ రాయి వచ్చి కూర్చున్న చోటు ఒకటుంది. ఆ రెండింటి వయసుకు మధ్య 80 కోట్ల సంవత్సరాల తేడా అని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. కొండ మీద శిలాతోరణం కూడా ఈ రాయిలో ఏర్పడిందే. అంటే మీరు ప్రాక్టీస్ చేయడానికి 220 కిలోమీటర్లు పోనక్కర్లేదు. మన ఊరి వైపున్న కొండ అంచులు దక్షిణానికి తిరిగి ఉంటాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా తిరుగుతాడు కాబట్టి ఉదయం, సాయంత్రం రెండు పూటలా వాటి మీద ఏటవాలు ఎండ పడుతుంది. ట్రిప్‌కు ముందు రెండు ఆదివారాలు కపిలతీర్థం వైపు నుంచో, మీ మేడ మీద నుంచో ఆ అంచుల్ని తీయండి. ఎర్ర రాయి ఏ నిమిషంలో బంగారంలా మారుతుందో, ఏ నిమిషంలో వెలిసిపోతుందో మీ కళ్లకు అలవాటవుతుంది. గండికోటలోనూ మనం నిలబడేది దక్షిణ గట్టున, చూసేది ఉత్తర గట్టు గోడని. కాబట్టి చలికాలపు ఎండ అదే విధంగా పనిచేస్తుంది.

రెండోసారి జనవరిలో ఐదుగురమే వెళ్లాం. మొదటి తెల్లవారుజాము మబ్బు పట్టింది, ఏమీ రాలేదు. కానీ ఆ రోజు చీకట్లో ఎలా నడవాలో తెలిసింది, ఎవరు ఎక్కడ నిలబడితే ఇంకొకరి ఫ్రేమ్‌లోకి రారో తెలిసింది. రెండో రోజు ఆరుకల్లా ఎవరి చోట్లో వాళ్లం ఉన్నాం. టార్చిలు ఆర్పేశాం. ఆకాశం మొదట నీలంగా, తర్వాత కుంకుమ రంగులోకి వచ్చింది. ఆరున్నర దాటాక ఎదుటి గోడ పైఅంచుకు ఎండ తగిలింది. పైనుంచి కిందికి ఒక్కో వరుస రాయీ వెలుగుతూ వచ్చింది, కింద నీళ్లు మాత్రం ఇంకా చీకట్లోనే ఉన్నాయి. ఐదుగురిలో ఒక్కరూ మాట్లాడలేదు. షటర్ల చప్పుడు, చిలకల అరుపులు, అంతే. పది నిమిషాలు కూడా లేదు ఆ వెలుగు. ఆ పది నిమిషాల కోసం ఇంకో పదిసార్లు పొమ్మన్నా పోతాను.

ఆ టైములో పైన వెలుగు, కింద చీకటి రెండూ ఒకే ఫొటోలో సరిగా రావు. కెమెరా కుదించకుండా దాచే రా ఫైల్‌లో తీయండి. ట్రైపాడ్ కదలకుండా ఒకే ఫ్రేమ్‌ను మామూలు వెలుగులో ఒక ఫొటో, వెలుగు రెండు స్టాపులు తగ్గించి ఒక ఫొటో, రెండు స్టాపులు పెంచి ఒక ఫొటో తీసి ఇంటికొచ్చాక కలుపుకోండి. ఒక స్టాపు అంటే వెలుగు సగం కావడం, లేదా రెట్టింపు కావడం. అపర్చర్ ఎఫ్ 8 నుంచి 11 మధ్య చాలు. ఎఫ్ 22కు పోతే అంతా షార్ప్‌గా వస్తుందనుకుంటారు గానీ మెత్తబడుతుంది. పోలరైజర్ వైడ్ లెన్సుకు వేస్తే ఆకాశంలో ఒక పక్క ముదురు, ఒక పక్క లేత మచ్చ పడుతుంది, తీసేయండి. అంచు మీద గాలి ఎక్కువ. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా చాపకుండా కిందికే ఉంచి, మధ్యలో బ్యాగు తగిలించండి. ఫోనుతో తీసేవాళ్లు గోడ మీద వెలుగున్న చోట వేలు పెట్టి బ్రైట్‌నెస్ కొంచెం కిందికి లాగితే చాలు, రంగు నిలబడుతుంది.

ఇది మాత్రం దయచేసి అందరికీ చదివి వినిపించండి. లోయ అంచున చాలా చోట్ల కంచె లేదు. రాయి దిమ్మలు దిమ్మలుగా పగిలి ఉంటుంది, కొన్ని దిమ్మలు కాలు పెడితే కదులుతాయి. ఆ రెండో ట్రిప్‌లోనే మాతో వచ్చిన నా బావమరిది వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి, ఫ్రేమ్‌లోకి ఇంకొంచెం నది రావాలని ఒక్కో అడుగూ పక్కకు జరుపుతున్నాడు. "బావా, ఇక్కణ్నుంచి బాగుంది" అంటూనే ఉన్నాడు. పక్కనున్న నేను బ్యాగు పట్టీ పట్టుకుని వెనక్కి లాగాను. అతని మడమ కింద నుంచి ఒక రాయి జారి కింద పడిన చప్పుడు చాలాసేపటికి వినిపించింది. ఆ రోజు మధ్యాహ్నం దాకా నాకు చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఇంటికెళ్లి ఏమని చెప్పేవాణ్ని? అప్పటి నుంచి మా గుంపులో ఒకటే నియమం. కన్ను కెమెరాలో ఉంటే కాళ్లు కదలకూడదు. కాలు కదపాలంటే కెమెరా దించాలి. ఇద్దరిద్దరు జతగా ఉండాలి, ఒకరు తీస్తుంటే ఇంకొకరు చూడాలి. చీకట్లో తలకు కట్టుకునే లైటు ప్రతి ఒక్కరికీ ఉండాలి, ఫోను లైటు సరిపోదు.

పదింటి నుంచి మూడు దాకా లోయ వైపు పోవద్దు. ఎండ నెత్తి మీదుంటే గోడలు చప్పగా ఉంటాయి. అప్పుడు కోట లోపలికి వెళ్లండి. రంగనాథాలయం మండపంలో స్తంభాల మధ్యకు బయటి ఎండ నేల మీద పడి తిరిగి లోపలికి వస్తుంది, ఆ మెత్తటి వెలుగులో శిల్పాలు అద్భుతంగా వస్తాయి. మాధవరాయ ఆలయ గోపురం, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ నడక దూరంలోనే ఉన్నాయి. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది, గుమ్మం దగ్గర ఫొటో తీసుకుని వచ్చేయకండి. లోపల ట్రైపాడ్ పెట్టేముందు అక్కడి సిబ్బందిని అడగండి. డ్రోన్ ఉంటే అనుమతి లేకుండా ఎగరేయొద్దు. నీళ్లు మనిషికి మూడు లీటర్లు పట్టుకెళ్లండి, నీడ తక్కువ.

నక్షత్రాల ఫొటోల గురించి కూడా అడిగారు. డిసెంబరు రాత్రుల్లో పాలపుంత నడిబొడ్డు కనిపించదు, దానికి ఫిబ్రవరి, మార్చి తెల్లవారుజాములు మేలు. కానీ అమావాస్య దగ్గర వారం ఎంచుకుంటే కోట బురుజు పైన మృగశిర, వృషభ రాశి చుక్కలు చక్కగా వస్తాయి. 500ను మీ లెన్స్ మిల్లీమీటర్లతో భాగించండి, అన్ని సెకన్లలోపు షటర్ ఉంచితే చుక్కలు గీతలు కావు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 20 మిల్లీమీటర్ల లెన్సుకు 25 సెకన్లు. అదే లెన్సు చిన్న సెన్సార్ కెమెరాకు వేస్తే 16 సెకన్లు దాటొద్దు.

బేలం, యాగంటి, ఓర్వకల్లు ఇంకో ట్రిప్‌కు ఉంచుకోండి. ముఖ్యంగా బేలం. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహలవి, లోపల తీయడం పూర్తిగా వేరే పని. ఆదివారం మీకు ఓపిక మిగిలితే తాడిపత్రి వెళ్లి పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం చూసి వెనక్కి రండి. అక్కడి రాతిపని దగ్గర మీకు ఒక గంట తెలియకుండా గడిచిపోతుంది. మీ తేదీలు ఖాయమయ్యాక కింద రాయండి, ఆ వారం వెన్నెల ఎంతుంటుందో చూసి చెబుతాను.