మందు పనిచేయడం మానేస్తే దానికి ఎక్సోసోమ్‌లే కారణమా?

మీ అమ్మగారిది హెర్-2 (కణాన్ని పెరగమని చెప్పే ప్రోటీన్) ఎక్కువగా ఉండే రకం రొమ్ము క్యాన్సర్ అనీ, ఆ హెర్-2కి అతుక్కుని పనిచేసే ట్రాస్టుజుమాబ్ మందుతో బాగా తగ్గిన గడ్డ మళ్లీ పెరుగుతోందనీ చిత్తూరు నుంచి రాశారు. ఇది ఎక్సోసోమ్‌ల వల్లేనా, వాటికి పరీక్షో వైద్యమో ఉందా అని అడిగారు. తిరుపతిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు నేను వీటి మీదే చేశాను. మా చిన్నమ్మదీ ఇదే రకం క్యాన్సర్.

ఎక్సోసోమ్ అంటే కణం బయటికి వదిలే అతిచిన్న తిత్తి. సైజు 30 నుంచి 150 నానోమీటర్లు. ల్యాబ్‌లో వీటిని వేరు చేయడానికి సాధారణంగా ఇవి ఉన్న ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్ యంత్రంలో గురుత్వాకర్షణకు లక్ష రెట్ల బలంతో గంటకు పైగా తిప్పుతారు. అంతసేపు తిప్పినా ట్యూబు అడుగున కంటికి దాదాపు ఏమీ ఆనదు. అందుకే ముందే ట్యూబుకి బయటివైపు మార్కర్‌తో గుర్తు పెట్టుకుని, అక్కడే ఉంటాయన్న లెక్కతో పైనున్న ద్రవం మెల్లగా తీసేస్తాం.

1983లో వీటిని గుర్తించాక చాలాకాలం కణం పారేసే చెత్తే అనుకున్నారు. ఇవి ఒక కణం నుంచి మరో కణానికి ఆర్‌ఎన్‌ఏ (జన్యు సందేశం) మోసుకెళ్తాయని 2007లో తేలింది. ఏ అవయవానికి క్యాన్సర్ పాకుతుందన్నదీ కొంతవరకు వీటి పైనున్న ఇంటెగ్రిన్లనే అతుక్కునే ప్రోటీన్లను బట్టి ఉంటుందని 2015లో చూపారు.

ఇక మీ ప్రశ్న. హెర్-2 గడ్డ వదిలే ఎక్సోసోమ్‌ల మీద కూడా హెర్-2 ఉంటుంది. ట్రాస్టుజుమాబ్ కొంత వాటికే అతుక్కుపోతే గడ్డకు చేరేది తగ్గుతుంది. ల్యాబ్ ప్రయోగాల్లో ఇది కనబడింది. మందును బయటికి తోసే పంపు ప్రోటీన్లను మందుకు లొంగని కణాలు పక్క కణాలకు వీటి ద్వారా కూడా అందించగలవు. కానీ మీ అమ్మగారి విషయంలో ఇదే జరిగిందని చెప్పే పరీక్ష ఇవాళ ఆసుపత్రుల్లో వాడుకలో లేదు. గడ్డలో హెర్-2 తగ్గిపోవడం, లోపల వేరే జన్యుమార్పు రావడం లాంటి కారణాలూ ఉంటాయి. చిన్నమ్మకు మళ్లీ బయాప్సీ తీసి, హెర్-2 ఇంకా ఉందని చూసుకున్నాకే మందు మార్చారు.

ఎక్సోసోమ్ ఇంజెక్షన్లతో నయం చేస్తామని మాకూ ఒకచోట చెప్పారు, లక్షల్లో అడిగారు. దయచేసి అటు వెళ్లకండి. తాము ఆమోదించిన ఎక్సోసోమ్ ఉత్పత్తి ఒక్కటీ లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లోనే హెచ్చరించింది.

వేలూరుకో తిరుపతికో రెండో అభిప్రాయానికి వెళ్తుంటే రిపోర్టులతో పాటు పాత బయాప్సీ బ్లాకులు (మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్కలు) కూడా అడిగి తీసుకెళ్లండి. మళ్లీ బయాప్సీ అవసరమా అన్నది డాక్టరుగారిని మొదటే అడగండి.