ఎండీ చేసినా, నేను అసలు డాక్టరునేనా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. పాడి ఆవుల మీద వచ్చిన డబ్బుతోనే నాన్న నన్ను చదివించారు. జనరల్ మెడిసిన్‌లో గోల్డ్ మెడల్‌తో ఎండీ పూర్తి చేసి, తిరుపతిలో ఓ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. అదృష్టం కొద్దీ నెట్టుకొస్తున్నానని, ఏదో ఒక రోజు గుట్టు రట్టవుతుందని భయం. అర్ధరాత్రి వార్డుకు ఫోన్ చేసి, పేషెంటు పొటాషియం రిపోర్టు మళ్లీ చదివించుకుంటాను. మావారు అతిగా ఆలోచించవద్దంటారు.

జవాబు: ఏ దొంగతనమూ చేయకుండానే మీరు భుజాలు తడుముకుంటున్నారు. మీ పీజీ సీటు నీట్ ర్యాంకుతో వచ్చింది; మీ ఎండీ పరీక్షలో, మీతో ఏ పరిచయమూ లేని బయటి ఎగ్జామినర్లు కూడా కూర్చున్నారు. ఇంత మందిని మోసగించడం ఎవరి తరమూ కాదు. చదువులో, ఉద్యోగంలో రాణించిన మహిళలలో ఈ భయాన్ని గమనించిన అమెరికా మనస్తత్వవేత్తలు పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ 1978లో దీనిని ‘ఇంపోస్టర్ ఫినామినన్’ (అర్హత లేకుండానే నెట్టుకొస్తున్నానన్న భావన) అన్నారు. తర్వాత ఇది పురుషులలోనూ, డాక్టర్లలోనూ కనిపించింది. దీనిని ప్రత్యేకమైన మానసిక వ్యాధిగా పరిగణించరు.

పేషెంటు కోలుకుంటే అది ఆ అర్ధరాత్రి ఫోను చలవేనని, చేయకపోతే కొంప మునిగేదని మీ మనసు లెక్క కడుతుంది కనుక, ఎంత మందికి నయమైనా ఆ ఘనత మీ ఖాతాలో పడదు, మర్నాడు మళ్లీ ఫోను తప్పదు. కిడ్నీ దెబ్బతిన్న మనిషిలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుందన్నది డాక్టరుకు ఉండవలసిన జాగ్రత్తే. అంకె ఎంత దాటితే ఎవరికి చెప్పాలో హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ మారేటప్పుడు ఇచ్చే నోట్‌లో రాసి, డ్యూటీ డాక్టరుకు అప్పగిస్తే అక్కడితో మీ బాధ్యత తీరుతుంది. ‘నేను తగను’ అన్న అనుమానాన్ని మాత్రం ఏ రిపోర్టూ తీర్చలేదు. పైగా, ఆవుల డబ్బుతో చదివిన బిడ్డకు తన ప్రతి తడబాటూ నాన్నకు చేసిన నష్టంలా తోస్తుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మీరు రాయని సంగతి: సందేహం వస్తే సీనియర్లను అడుగుతున్నారా? గుట్టు బయటపడుతుందని అడగడం మానేస్తేనే పేషెంటుకు నిజమైన ప్రమాదం. ఈ వారమే నమ్మకమున్న ఒక సీనియరుకు ఈ భయాన్ని ఉన్నదున్నట్టు చెప్పండి. మీవారి ఉద్దేశం మంచిదే గానీ, ఆలోచించవద్దంటే ఎవరూ మానిన దాఖలా లేదు. సలహా ఇవ్వకుండా కాసేపు వినమని అడగండి. నిద్ర, ఆకలి తగ్గి రెండు వారాలు దాటితే సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.