తరగతి తలుపు మీద ఏం పెడదాం?

ప్రశ్న: ఒంగోలు దగ్గర మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి చెబుతున్నాను. నవంబరు 14కి తరగతి తలుపుల అలంకరణ పోటీ పెట్టారు. నాకు బొమ్మలు వెయ్యడం అసలు రాదు. పక్క తరగతి మేడమ్ అప్పుడే థర్మోకోల్, మెరుపు కాగితాలు తెచ్చేసుకున్నారు, నాకేమో టెన్షన్. తక్కువ ఖర్చులో ఏదైనా చెప్పండి.

జవాబు: బొమ్మలు రాకపోవడమే మంచిదయింది టీచర్ గారూ, వస్తే రాత్రంతా కూర్చుని మీరే వేసేవారు, పిల్లలు చూస్తూ నిలబడేవారు. థర్మోకోల్ జోలికి పోకండి. తలుపు నాలుగుసార్లు ధడేల్మంటే పూసలు పూసలుగా రాలుతుంది, ఊడ్చలేక చస్తారు.

మార్కాపురం పలక గురించి మీ వైపు వాళ్లకి నేను చెప్పాలా? తలుపునే పలక చేసేయండి. చార్టు 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు ఉంటుంది కాబట్టి ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న తలుపుకి నల్ల చార్టులు ఆరు చాలు. చుట్టూ చెక్క చట్రంలా పాత అట్టపెట్టె కోసి అంటించండి. ఇక రోజుకొకరు వచ్చి ఇంట్లో విన్న మాట ఒకటి సుద్దముక్కతో రాస్తారు, ఒకరు గిత్త అని, ఇంకొకరు శనగచేను అని. తప్పు రాస్తే మీరు వెంటనే దిద్దకండి, సాయంత్రంలోపు ఎవడో ఒకడు పట్టేస్తాడు. చెరపడానికి పొడి గుడ్డే వాడాలి, తడి తగిలితే చార్టు ఉబ్బిపోతుంది.

అన్నట్టు నవంబరంటే మనకి వానల కాలం. వరండాలో జల్లు కొడుతుంది, కింద అడుగు మేర ఏమీ అంటించకండి. గడియ, కీళ్ల దగ్గర కూడా ఖాళీ వదలాలి. రంగు పోతుందని హెచ్‌ఎం గారు గొడవ చేస్తారేమో, ముందు తలుపుకి మాస్కింగ్ టేపు వేసి దాని మీద రెండువైపులా అంటుకునే టేపు వేస్తే తర్వాత శుభ్రంగా ఊడి వస్తుంది. రెండు రెక్కల తలుపయితే చార్టు మధ్యకి కోసుకోవాలి.

బహుమతి వస్తుందో రాదో చెప్పలేను, జడ్జీలకి మెరుపులంటే మోజు.

ప్రశ్న: మాది నెల్లూరు, ఏడో తరగతి. మా తలుపు మీద రొట్టెల పండుగ బొమ్మ వేద్దామనుకుంటున్నాం. ఎలా వేస్తే బాగుంటుంది?

జవాబు: బొమ్మెందుకమ్మా, పండుగ పద్ధతే తలుపు మీదికి తెచ్చెయ్యండి. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు కదా. పాత పెళ్లిపత్రికల కవర్లు వరుసగా అంటించి, అట్టతో గుండ్రంగా రొట్టెలు కత్తిరించండి. భిన్నాలు బాగా వచ్చినవాళ్లు భిన్నాల రొట్టె మీద తమ పేరు రాసి కవర్లో పెడతారు, రానివాళ్లు తీసుకుంటారు. పెట్టినవాళ్లు తీసుకున్నవాళ్లకి కూర్చుని నేర్పాలి. వాళ్లకి వచ్చాక వాళ్లే కొత్త రొట్టె పెట్టాలి. తీసుకున్నవాళ్ల పేరు మాత్రం తలుపు మీద ఎక్కడా రాయకండి, సిగ్గుపడి చెయ్యి పెట్టడమే మానేస్తారు.